అత్తిబెలె చుట్టుపట్ల విద్యార్థి వసతులు

అత్తిబెలె అనగానే మన పెద్దవాళ్లలో చాలామందికి జ్ఞాపకం వచ్చేది ఒక గేటు. బెంగుళూరునుంచి హొసూరు, కృష్ణగిరి, సేలం వైపు పొయ్యే రోడ్డుమీద ఇదే కడపటి వూరు. ఇవతల మైసూరు రాష్ట్రం, అవతల మద్రాసు రాష్ట్రం. 1969లో మద్రాసు రాష్ట్రం తమిళనాడు అయింది. 1973లో మైసూరు కర్ణాటక అయింది. పేర్లు మారినా గేటు గేటుగానే వుండిపోయింది. అయితే యీ గేటు లారీలకేగాని భాషకు కాదు. ఇటు ఆనేకల్లు తాలూకాలోను, అటు హొసూరు, బాగలూరు, బేరికె పల్లెల్లోను తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు వున్నవి. వాళ్లు సంతలో కన్నడం మాట్లాడి, బస్సులో తమిళం మాట్లాడి, ఇంటికి వచ్చి తెలుగులో కోప్పడతారు.

యీ వూరి పొలాలు ఫ్యాక్టరీ షెడ్లుగా మారిన సంగతి అందరికీ తెలిసిందే. అంతగా ఎవరూ చెప్పుకోని మార్పు మరొకటి వున్నది. అత్తిబెలెను నడుమ పెట్టుకొని నాలుగైదు క్రోసుల దూరంలో గీత గీస్తే, దాని లోపల మూడు పెద్ద చదువుల ఆవరణలు పడతాయి. ఒకప్పుడు యీ పల్లెల పిల్లవాడు డిగ్రీ చదవాలంటే బెంగుళూరు వెళ్లవలసిందే. హొసూరు పక్క తొరపల్లిలో 1878లో పుట్టిన రాజగోపాలాచారిగారు హొసూరులో బడి ముగించి, బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదివారు. ఇప్పుడు దేశం నలుమూలలనుంచి పిల్లలు యీ పల్లెల మధ్యకు వచ్చి చదువుకొంటున్నారు. రావటమే గాదు, ఇక్కడే వుంటున్నారు. వాళ్లు ఎక్కడ వుంటారు, ఎట్లా వుంటారు, మన పిల్లలు కూడా అక్కడ వుండాలా అన్నదే యీ వ్యాసంలో సంగతి.

ముందు దారి చెబుతాను. అత్తిబెలె కూడలినుంచి ఉత్తరంగా సర్జాపురం రోడ్డు పడితే బిదరగుప్పె దాటి పన్నెండు కిలోమీటర్లకు పైన సర్జాపురం. ఆ వూరి దగ్గర బూరుగుంటె పల్లెలో అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం వున్నది. 2010లో కర్ణాటక శాసనం ప్రకారం ఏర్పడి, మొదట హొసూరు రోడ్డుమీద, ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర అద్దె భవనాల్లో నడిచి, తరువాత యిక్కడ సొంత ఆవరణకు వచ్చింది. చదువుకొనేవాళ్లు ఆవరణలోనే నివసించాలన్న వుద్దేశంతో కట్టిన చోటు యిది. కుటుంబ ఆదాయాన్నిబట్టి చదువు జీతమే గాక, వసతికి, భోజనానికి కూడా పూర్తిగా గాని కొంత గాని సహాయం చేస్తారు.

మళ్లీ అత్తిబెలెకు వచ్చి, పెద్ద రోడ్డుమీద బెంగుళూరు వైపు వెళితే చందాపురం. అక్కడ ఆనేకల్లు రోడ్డుకు తిరిగితే చిక్కహాగడె అడ్డరోడ్డు దగ్గర అలయన్స్ విశ్వవిద్యాలయం. అది కూడా 2010లోనే విశ్వవిద్యాలయమయింది. ఆవరణలోనే ఆడపిల్లలకు వేరుగా, మగపిల్లలకు వేరుగా హాస్టళ్లు వున్నవి. చందాపురంలో తిరగక సూటిగా పోతే బొమ్మసంద్ర, ఆపైన ఎలక్ట్రానిక్ సిటీ. 1999లో మొదలైన ట్రిపుల్ ఐటీ అక్కడ వున్నది. చుట్టూ కంపెనీల అద్దాల మేడలు, నడుమ పిల్లల గదులు. 2025 ఆగస్టులో బొమ్మసంద్ర దాకా మెట్రో రైలు వచ్చింది గనక, అత్తిబెలెవాళ్లు పది కిలోమీటర్లు బస్సులో వెళ్లి రైలెక్కితే జయనగరం పక్కన ఆర్.వి. రోడ్డులో దిగవచ్చు.

ఇంత దగ్గరగా వుండటంవల్లనే మన ఇళ్లలో ఒక చిక్కు వచ్చింది. పిల్ల కలకత్తాలో చదివితే హాస్టలు తప్పదని అందరూ ఒప్పుకొంటారు. నాలుగు క్రోసుల దూరంలో చదివితే?

అత్తిబెలెలో ఒక ఇంట్లో యీ వాదన విన్నాను. మనుమరాలికి సీటు వచ్చింది. పిల్ల హాస్టలులో వుంటానంటున్నది. తల్లి ఎటూ చెప్పలేక వూరకున్నది. అవ్వ మాత్రం వూరుకోలేదు.

"ఇంత దగ్గర కాలేజీ పెట్టుకొని, పరాయిచోట పండుకొనేది ఏమిటికి? ఇంట్లో వుండేదానికి చోటు లేదా?"

"చోటుంది అవ్వా, పొద్దు లేదు" అన్నది పిల్ల.

ఆ మాటలో లెక్క వున్నది. దూరం నాలుగు క్రోసులే అయినా, రోడ్డు అత్తిబెలెవాళ్లది ఒక్కరిదే గాదు. సరిహద్దు దాటి వచ్చే లారీలు, ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులు, కంపెనీ కార్లు అన్నీ ఆ దారినే. పోను గంట, రాను గంటన్నర అనుకొందాం. రోజుకు రెండున్నర గంటలు. వారానికి ఐదు రోజులయితే పన్నెండున్నర గంటలు. నెలకు యాభై గంటలు. గ్రంథాలయం రాత్రిదాకా తెరిచి వున్నా, చివరి బస్సు పిల్లకోసం ఆగదు. సాయంత్రం నాటకమో, ఉపన్యాసమో, పందెమో వుంటే ఇంటినుంచి వచ్చిపొయ్యే పిల్లలు సగంలో లేస్తారు. పాఠం వాళ్లకూ అందుతుంది. పాఠం తరువాత జరిగేది అందదు.

ఆ జరిగేదేమిటని అవ్వ అడిగితే చెప్పటం కష్టం. రాత్రి పదిగంటలకు ఒక లెక్క తెగకపోతే పక్క గది తలుపు తట్టటం. జ్వరం వస్తే పక్క మంచం పిల్ల కంచంలో గంజి తెచ్చిపెట్టటం. మణిపూరు పిల్ల తినేది చూసి మొదట ముక్కు మూసుకొని, నెల తరువాత అడిగి తినటం. రాగిముద్దను ఎట్లా మింగాలో లక్నో పిల్లకు నేర్పటం. ఇవేవీ పరీక్షలో రావు. కాని చదువులో సగం ఇవే.

మనవాళ్లకు యిది కొత్త సంగతి కూడా గాదు. నాగార్జునకొండలో 1954నుంచి 1960దాకా జరిగిన తవ్వకాలలో ఇక్ష్వాకుల కాలపు విహారాలు ఎన్నో బయటపడ్డవి. నడుమ స్తంభాల మండపం, చుట్టూ వరుసగా భిక్షువుల చిన్న చిన్న గదులు. నేటి హాస్టలు కట్టడం చూస్తే ఆ వరుసే. సింహళ భిక్షువులకోసం అక్కడ ఒక విహారం వుండేదని శాసనం చెబుతున్నది. అంటే పదహారు వందల ఏళ్లకు ముందే, సముద్రం దాటి వచ్చినవాళ్లకు కృష్ణ ఒడ్డున వసతి వున్నదన్న మాట.

తరువాతి కాలంలో మన పల్లెల పేద పిల్లలు చదువుకొన్నది వారాలు చేసుకొని. సోమవారం ఒక ఇంట, మంగళవారం ఒక ఇంట, ఇట్లా ఏడిళ్ల భోజనం, ఏ అరుగుమీదనో నిద్ర. దాన్ని తక్కువ చెయ్యనక్కరలేదు. ఎందరినో పైకి తెచ్చిన అన్నం అది. కాని రెండు లోపాలు దానిలో వున్నవి. తిన్న పిల్లవాడు జన్మంతా ఆ ఇంటివాళ్లకు తల వంచుకొనే వుండాలి. వారం ఇచ్చే ఇల్లు ముందు కులం అడిగేది. అందుకని కొన్ని కులాల పిల్లలకు ఏ వారమూ దొరికేది గాదు.

దాని తరువాత వచ్చినవి కులాల హాస్టళ్లు. హైదరాబాదులో 1918లో ఏర్పడిన రెడ్డి హాస్టలు వాటిలో పేరుపొందినది. తరువాత నగర కొత్వాలుగా ప్రసిద్ధికెక్కిన రాజా బహద్దరు వెంకటరామారెడ్డిగారు దాన్ని నిలబెట్టారు. సురవరం ప్రతాపరెడ్డిగారు దానికోసం పని చేశారు. పల్లెలనుంచి వచ్చిన పిల్లలకు అక్కడ చాపా, అన్నమూ, గ్రంథాలయమూ దొరికాయి. బెంగుళూరులో కూడా ఒక్కొక్క కులంవాళ్లు ఒక్కొక్క విద్యార్థి నిలయం కట్టుకొన్నారు. పిల్లవాడికి ఒకరి ఇంటి అరుగుమీదనుంచి తన గదికి మారటం పెద్ద మెట్టే. కాని పక్క మంచంమీద వుండేవాడు ఇంకా మన కులంవాడే.

విశ్వవిద్యాలయ ఆవరణలోని హాస్టలు దాటించేది యీ రెండో మెట్టు. గది ఎవరికి ఎవరితో అనేది వార్డెను పట్టికలో పడుతుంది. అక్కడ వుండటం ఒకరి దయ గాదు. అందుకే ఆ గది తీసివేస్తే పిల్లలకు అంత దెబ్బ తగులుతుంది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టలు పిల్లలు ప్రార్థనమందిరంలో వందేమాతరం పాడారని వెళ్లగొట్టారు. వాళ్లలో చాలామందిని నాగపూరు విశ్వవిద్యాలయం చేర్చుకొన్నది. 2016 జనవరిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు హాస్టలు గదులు వదిలి బయటికి రావలసివచ్చింది. వాళ్లు ఆవరణలోనే గుడారం వేసుకొని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. వాళ్లలో ఒకడైన రోహిత్ వేముల ఆ నెల 17వ తేదీన ప్రాణం తీసుకొన్నాడు. హాస్టలు గది అంటే నాలుగు గోడలూ ఒక మంచమూ అనుకొనేవాళ్లు ఆ పేరును ఒక్కసారి తలుచుకోవాలి. గది ఇవ్వటం అంటే నీవు మాలో ఒకడివి అని చెప్పటం.

ఆవరణలో చోటు చాలకపోయినా, అక్కడి ఖర్చు ఎక్కువయినా పిల్లలు బయట పేయింగ్ గెస్టు ఇళ్లకు వెళతారు. మనవాళ్లు వాటిని పీజీ అంటారు. చందాపురంనుంచి ఎలక్ట్రానిక్ సిటీదాకా వీధి వీధికి అవి వున్నవి. నడిపేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది; బోర్డుమీద ఆంధ్రా భోజనం అని కనబడటం ఆ దారిలో మామూలే. పప్పు, గోంగూర దొరుకుతాయి. కాని పక్క మంచంమీద వుండేది ఫ్యాక్టరీ రాత్రిషిఫ్టు ముగించి వచ్చిన ఉద్యోగి కావచ్చు. అతడికి నిద్ర కావాలి, మనవాడికి దీపం కావాలి. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు.

పన్ను సంగతి కూడా కొన్నాళ్లు గందరగోళంగా వుండింది. విద్యాసంస్థలు తమ పిల్లలకిచ్చే వసతికి జీఎస్టీ లేదు. బయటి హాస్టళ్లు ఇళ్లకింద రావనీ, వాటికి పన్నెండు శాతం పన్ను కట్టాలనీ 2023లో కర్ణాటకలోని ముందస్తు తీర్పుల అధికారులు చెప్పారు. 2024 జూన్‌లో జీఎస్టీ మండలి దాన్ని సడలించింది. నెలకు మనిషికి ఇరవై వేల రూపాయలకు మించకుండా, కనీసం 90 రోజులు ఆగకుండా వుంటే బయటి హాస్టలుకు కూడా పన్ను లేదు. పీజీవాళ్లు బిల్లులో పన్ను వేస్తే యీ మాట జ్ఞాపకం చెయ్యవచ్చు.

డబ్బు చాలని కుటుంబాలకు దారులు కొన్ని వున్నవి. కర్ణాటక ప్రభుత్వం వెనుకబడిన తరగతులకు, దళితులకు, గిరిజనులకు మెట్రిక్ తరువాతి హాస్టళ్లు నడుపుతున్నది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్నదానితో వాటికి పని లేదు. వెనుకబడిన తరగతుల హాస్టళ్లలో చోటు దొరకనివారికి భోజన వసతి ఖర్చు ఇవ్వటానికి 2013లో విద్యాసిరి పథకం వచ్చింది. మొదట్లో నెలకు 1500 రూపాయల చొప్పున పది నెలలు ఇచ్చేవారు. తుమకూరులో సిద్ధగంగా మఠం వేలమంది పిల్లలకు కులమతాలు అడగకుండా అన్నమూ వసతీ పెడుతున్నది. 2019లో 111 యేళ్ల వయసులో పరమపదించిన శివకుమారస్వామిగారు సెంట్రల్ కాలేజీలో చదివినవారే. ఇటువంటి సహాయాలకు దరఖాస్తు గడువు దాటకముందే విచారించుకోవాలి. సీటు వచ్చిన తరువాత తిరగటం మొదలుపెడితే చాలాసార్లు ఆలస్యమవుతుంది.

ఇక హాస్టలు చూడటానికి వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. అత్తి అంటే మన మేడి. మేడిపండు సంగతి తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. అద్దాల ముందుగది, రంగుల పుస్తకం చూసి తిరిగి రావద్దు. స్నానాలగది చూడండి. నీళ్లు ఎక్కడివని అడగండి. 2024 వేసవిలో బెంగుళూరు పడిన నీటికరువు మనం మరిచిపోలేదు. యీ పక్కన బోరు ఎండితే ట్యాంకరే గతి. మెస్సులో మధ్యాహ్నం పూట ఒక భోజనం చేసి రండి. గది ఒక్కరికా, ఇద్దరికా, ముగ్గురికా, ఏ గదికి ఎంత జీతమో కాగితంమీద తీసుకోండి. మెస్సు డబ్బు గదితో కలిసిందా, వేరా? పిల్ల నడుమ మానుకొంటే ఎంత తిరిగి ఇస్తారు? సెలవుల్లో గది ఖాళీ చెయ్యాలా? వార్డెను రాత్రిళ్లు అక్కడే వుంటారా? డాక్టరు ఎంత దూరం?

ర్యాగింగు భయం పెద్దలకు వుండటం సహజం. 2009లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం చేసిన నిబంధనల ప్రకారం ప్రతి యేడూ విద్యార్థి, తలిదండ్రులు అందులో పాల్గొనబోమని వ్రాసి ఇవ్వాలి. కొత్తవాళ్లను వీలయినంతవరకు వేరే భవనంలో పెట్టాలి. 1800-180-5522 అనే దేశమంతటి ఫోను నెంబరు ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది. దాన్ని పిల్లల చేతిలో పెట్టి పంపండి. కాని అంతకన్న ముఖ్యమైనది, పిల్లవాడు ఫోనులో "బాగానే వున్నా" అన్నప్పుడు ఆ గొంతు వినటం.

ఆడపిల్లల గేటు సంగతి వేరే చెప్పాలి. మగపిల్లలు రాత్రి ఎప్పుడయినా రావచ్చు, ఆడపిల్లలు మాత్రం చీకటి పడకముందే లోపల వుండాలి అనే పద్ధతి చాలాచోట్ల వుండింది, ఇంకా వున్నది. 2015లో ఢిల్లీ విద్యార్థినులు పింజ్రా తోడ్ అని, అంటే పంజరం విరగ్గొట్టమని, దీనిమీద పోరాటం మొదలుపెట్టారు. అప్పటినుంచి కొన్ని సంస్థలు వేళలు మార్చాయి. మన ఇళ్లలో పెద్దలు చాలామందికి గేటు ముందే మూస్తే ధైర్యం. ఆ అవ్వ మనుమరాలు దీనికి కూడా ఒక జవాబు చెప్పింది: "గ్రంథాలయం ఇద్దరికీ ఒకటే అవ్వా, గేటు మాత్రం రెండు వేళలు ఏమిటికి?" అవ్వ వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి, "గేటు దగ్గర ఆడమనిషి కాపలా వుంటుందా?" అని అడిగింది. అది ఒప్పుకోవటానికి మొదటి మెట్టు అని ఇంట్లోవాళ్లందరికీ అర్థమయింది.

నా అభిప్రాయం కూడా ఇంతే. ఇల్లు దగ్గరయినంత మాత్రాన పిల్లను ఇంట్లోనే వుంచుకోవాలన్న నియమం లేదు. మూడేళ్లలో ఒక్క యేడయినా ఆవరణలో వుండనివ్వండి. ఇల్లు ఎక్కడికీ పోదు. శనివారం బస్సుకు వస్తుంది, మురికిబట్టల మూటతో సహా. ఇంట్లో వున్న పిల్ల మన పిల్లగానే వుంటుంది. అక్కడ నలుగురు కొత్తవాళ్ల మధ్య తన మంచం తాను సర్దుకొన్న పిల్ల, మన పిల్లగా వుంటూనే తన కాళ్లమీద నిలబడుతుంది. అత్తిబెలె తెలుగువాళ్లకు యిది అర్థం కాని సంగతి గాదు. నాలుగు భాషల నడుమ, ఎవరినీ గెంటకుండా, ఎవరిచేతా గెంటబడకుండా బతకటం వాళ్లకు తాతలనాటి విద్య. హాస్టలు నేర్పేది అదే.

దూరంనుంచి వచ్చిన పిల్లలను గురించి మన సంఘంవాళ్లకు ఒక మనవి. అనంతపురంనుంచి, శ్రీకాకుళంనుంచి, కరీంనగరంనుంచి వచ్చిన పిల్లలు యీ మూడు ఆవరణల్లోను వుంటారు. పండుగనాడు మెస్సులో పాయసం వున్నా, ఇంటి తలపు పోదు. అత్తిబెలెలోను, చందాపురంలోను, హొసూరులోను మనకు ఇన్ని ఇళ్లు వున్నవి. నెలకు ఒక ఆదివారం, ఇంటికి ఇద్దరు చొప్పున, వార్డెను అనుమతితో భోజనానికి పిలవవచ్చు. పాతకాలపు వారాలనే మళ్లీ తెచ్చినట్లవుతుంది. తేడా ఒక్కటే వుండాలి: వచ్చిన పిల్లలను మీరేవాళ్లని అడగవద్దు. పక్క మంచం తమిళ పిల్లనో, బీహారు పిల్లనో వెంట తీసుకొని వస్తే, ఇంకొక ఆకు వెయ్యండి.